పట్టుపురుగుకు అయిదో జ్వరం

2023 అక్టోబరు. ఆగిరిపల్లి, ముసునూరు మండలాల్లో పట్టు రైతుల షెడ్లు తిరిగి పురుగుల ఆరోగ్యం చూడటం నా ఉద్యోగం. ఎటు చూసినా మామిడి తోటలే, మధ్యలో అక్కడక్కడా కాస్త మల్బరీ. జువాలజీ చదివి చివరికి పురుగుల డాక్టరయ్యావని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళే.

ఆ ఉదయం ఆగిరిపల్లి దగ్గర పురుగులు పెంచే రత్నకుమారి గారు ఫోన్ చేశారు.

"మేడమ్, పురుగులు మళ్లీ జ్వరానికి కూర్చున్నాయండీ. ఆకు ముట్టట్లేదు."

పాత చర్మం విడిచే ముందు పురుగు తిండి మానేసి, తల ఎత్తి కదలకుండా ఉంటుంది. దాన్నే రైతులు జ్వరం అంటారు. పట్టుపురుగుకు నాలుగే జ్వరాలు. ఆవిడ పురుగులకు నాలుగూ అయిపోయాయి. ఇంకొన్నాళ్లు మేసి గూళ్లు కట్టడమే మిగిలింది. అయిదోది రాకూడదు. వెంటనే బయల్దేరాను.

ఆ వయసు పురుగులు మేస్తుంటే షెడ్డంతా చిటపటలాడాలి. నేను వెళ్లేసరికి చప్పుడే లేదు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే తల మీద పాత తొడుగు సగం జారి ఉంది.

"పక్క తోటలో మందేమైనా కొట్టారా?"

"మొన్న సోమయ్య కొట్టాడండీ. ముందే చెప్పాడు పాపం. గేదెల్ని కట్టేశాం, నీళ్ల తొట్టి మీద పట్టా కప్పాం. మర్నాడు ఎప్పట్లాగే ఆకు కోశాం."

మందు కొట్టే ముందు ఇరుగుపొరుగుకు చెప్పిరావడం అక్కడి ఆనవాయితీ. పక్క మామిడి తోట కౌలుకు చేస్తున్న సోమయ్య ఆ ఆనవాయితీ తప్పలేదు. నేను అడగగానే డబ్బా కూడా తెచ్చి చూపించాడు. మామిడి ఆకుల్ని గూడుగా అల్లి తినే గొంగళిపురుగు మందు అది.

"మనుషులకేం కాదని కొట్లో చెప్పే ఇచ్చారండీ," అన్నాడు.

అబద్ధం కాదు. జంతువుల కణాల్లో న్యూక్లియర్ రిసెప్టర్లని కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. న్యూక్లియర్ అనగానే బాంబు అనుకోకండి, ఇక్కడ కణంలోని కేంద్రకం. హార్మోన్ వచ్చి రిసెప్టర్‌లో కూర్చుంటే అది జన్యువులను పనిలోకి దింపుతుంది. మొక్కలకు ఇవి లేవు. సముద్రంలో రాయిని పట్టుకుని బతికే స్పంజికలకు కూడా ఉన్నాయి. అంటే తొలి జంతువుల నాటి ఆస్తి. తర్వాత వంశానికో దారి పట్టాయి. మనలో ఒక రకం థైరాయిడ్ హార్మోన్‌ను అందుకుంటుంది, పురుగుల్లో ఒకటి చర్మం విడిపించే హార్మోన్‌ను అందుకుంటుంది. సోమయ్య కొట్టిన మందు ఆ రెండో హార్మోన్ వేషం వేసుకుని వెళ్తుంది. మన రిసెప్టర్లలో అది ఇమడదు, గొంగళిపురుగులో చక్కగా ఇమిడి వేళకాని వేళ జ్వరం తెప్పిస్తుంది, అందులోంచి పురుగు ఇక లేవదు. పట్టుపురుగూ గొంగళిపురుగే కదా, గాలికి మల్బరీ ఆకు మీద పడిన మందును మేసింది.

ఇదంతా రత్నకుమారి గారికి వీలైనంత తేలిగ్గా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "విరుగుడు లేదాండీ?" అన్నారు.

"లేదమ్మా."

"ఇంకా బతికే ఉన్నాయి కదండీ. కొన్నైనా లేవవా?"

లేవవని చెప్పాను. చేతికందిన పంట నోటికందకుండా పోయింది.

షెడ్డు వెనక గొయ్యి సోమయ్యే తవ్వాడు. తట్టల్లో పురుగుల్ని ఆవిడే మోశారు. ఈ రిసెప్టర్ల పరిణామాన్ని నేను పరీక్ష కోసం బట్టీ పట్టినదాన్ని. ఒక మందు మనకు హాని చేయదంటే, మన వంశం దారి వేరని మాత్రమే అర్థమని ఆ గొయ్యి దగ్గర తెలిసింది. ఇప్పుడు తోటల వాళ్లు ఏ మందు పేరెత్తినా చుట్టుపక్కల మల్బరీ ఉందా అని మొదట అడుగుతాను. ఆవిడకు మాత్రం ఆ జాగ్రత్త ఆలస్యంగా అందింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సున్నం చల్లి మట్టి కప్పాక సోమయ్య, "నన్ను నాలుగు తిట్టక్కా," అన్నాడు.

రత్నకుమారి గారు చేతులు కడుక్కుంటూ అన్నారు.

"చెప్పకుండా కొట్టుంటే తిట్టేదాన్నయ్యా. చెప్పే కొట్టావు. ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోను?"