వీధిపోటు ఇల్లు

బోధన్‌ల మేముండే ఇల్లు ఇదివరకు ఒక ముస్లిం అవ్వది. ఎదురుంగ వచ్చే తొవ్వ సీదా మా గేటుకే తాకుతది. దాన్ని వీధిపోటు అంటరు, ఇంట్లోళ్లకు కీడంటరు. నేను ఏనాడూ నమ్మలే. బేరంల మాత్రం ఆ మాటనే పట్టుకున్న.

"పిల్లలున్నోళ్లు ఈ ఇల్లు ముఫ్తుల ఇచ్చినా తీసుకోరు అవ్వా" అన్న.

"మాకు గవన్నీ లేవు బిడ్డా" అని మొదలు నవ్వింది. పోయినప్పుడల్లా అదే పాట పాడిన. నవ్వు ఆగింది, ధర దిగింది.

ఇప్పుడు చుట్టాలొస్తే అదే గేటు కాడ కుర్చీలేసి, గాలి మస్తొస్తదని మురుస్త.

మొన్న అవ్వ బజార్ల కలిసింది. ముందుగాల పిల్లలెట్లున్నరని అడిగింది. మంచిగున్నరంటే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

"ప్రతి జుమ్మాకు వాళ్ల కోసం దువా చేస్తున్న బిడ్డా. కీడున్న ఇల్లని తెలిసి కూడా మీకు అమ్మిన. నన్ను మాఫ్ చెయ్యి" అని నా చేతులు పట్టుకుంది.

అబద్ధమాడిన అవ్వా అని అప్పుడే చెప్పాల్సుండె. సిగ్గులేని నోరు, "పోనీ తియ్యి అవ్వా" అన్నది.

ఆమెను నేను మాఫ్ చేసి ఇంటికొచ్చిన.