కొసరు కింద పోయిన అత్తమ్మ ఆట

మొన్న ఆదివారం మా అబ్బాయి చిక్కడపల్లిలోని మా ఇంట్లో అటక సర్దుతూ, చిన్నప్పుడు తను ఆడుకున్న పదహారు బిట్ల వీడియో గేమ్ మిషన్ దించి, మరలు విప్పి, చావు కబురు చల్లగా చెప్పాడు. అంతకుముందు మా ఇంట్లో ఉన్న ఎనిమిది బిట్ల పాత మిషన్ గుండెకాయ లాంటి చిప్పు ఈ కొత్తదాని కడుపులోనూ ఉందట! పాత ఆటలన్నీ ఇందులో నడిచేవేనట! అప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది.

ఆ పాత మిషన్ పేరుకే పిల్లలది, ఏలింది మాత్రం మా అత్తమ్మ. పిల్లలు నారాయణగూడలో బడికీ, నేను అశోక్‌నగర్‌లో ఆఫీసుకూ వెళ్ళగానే, పొయ్యి మీద పప్పు పడేసి, కళ్ళజోడు తుడుచుకుని, మంచుకొండ ఎక్కే ఆట పెట్టుకునేది. ఆడినంత వరకు దాచుకునే వీలు అందులో లేదు కనుక రోజూ కొండ కింది నుంచే మొదలు. కాకపోతే మిషన్ మీదే ఆటను కాసేపు నిలిపే మీట ఒకటి ఉండేది, అది నొక్కి వెళ్ళి పప్పు దించి వచ్చేది. "ఇంకొక్క స్టేజే ఉన్నది బిడ్డా, ఈ ఎండాకాలంల ఎక్కుత చూడు" అనేది నాతో.

ఆ ఎండాకాలం రాకముందే పాత మిషన్ చెడిపోయింది. మా ఆయన సుల్తాన్ బజార్ నుంచి కొత్తది తెచ్చారు. పాత ఆటల క్యాసెట్లు తీసుకుని నేనే ఆ దుకాణానికి వెళ్ళి అడిగితే, "పాతయి ఇందుల నడువయమ్మా, వట్టి చెత్తనే ఇగ" అని తేల్చేశాడు ఆ పెద్దమనిషి. నిజమే కాబోలనుకున్నాను, అవి పట్టే సందే దానికి లేదు మరి.

అత్తమ్మ బర్కత్‌పురలో చెల్లెలింటికి వెళ్ళిన రోజున, పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె మా గల్లీలోకి వచ్చింది. నేను కోరిన డబ్బాకు నా చీరలు చాలవంది. బేరంలో నన్ను మించినవాళ్ళు లేరన్న గర్వంతో, ఆ క్యాసెట్లన్నీ కొసరు కింద ఆమె మూటలో పడేశాను. సాయంత్రం సంగతి విని అత్తమ్మ, "పోనీ తీయ్ బిడ్డా, నడువయంటే ఏం జేస్తం" అంది. కొత్త మిషన్‌ను మళ్ళీ ముట్టుకోలేదు.

ఇంతా చేస్తే కావలసింది నాలుగు తీగలున్న ఒక చిన్న డబ్బా మాత్రమేనట, కొత్త మిషన్ మీద బిగిస్తే పాత క్యాసెట్ పట్టేదట. పాత ఆటలకు మిషన్ మీది మీట కావాలి కనుక దాన్ని కూడా ఆ డబ్బా మీదే పెట్టారట కంపెనీవాళ్ళు! మీట సంగతి గుర్తుపెట్టుకున్న మహానుభావులకు, ఈ మాట మాలాంటి వాళ్ళ చెవిన పడే దారి తట్టలేదా? తెలియకపోతే తెలియదనడానికి ఆ దుకాణదారుకు నోరు రాలేదా? వాళ్ళను తిట్టి ఏం లాభం, ఒక్కమాట అత్తమ్మను అడగని నన్ను నేనేమనుకోవాలి?

ఇప్పుడు ఆటలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ కొండ ఆట కూడా వెతికి నా చేతిలో పెట్టాడు మావాడు. మూడో స్టేజి దాటలేకపోయాను. వంటింట్లో ఆ స్టీలు డబ్బా సొట్ట పడకుండా ఉంది, కందిపప్పు పోస్తున్నాను. అత్తమ్మ పోయి పన్నెండేళ్ళు. ఆమెకు మిగిలింది ఒక్క స్టేజే.