బాబాయి వేలు, ఇసకకోడి

మా బాబాయి చూపుడువేలుకున్నంత ధైర్యం లోకంలో ఎవరికీ లేదు. లేని పిట్టని కూడా చూపించేస్తుంది.

ఆయన పని ఎడారిలోకి జీపు తోలడం. వచ్చినవాళ్ళకి ఇసకకోడిని చూపించాలి. ఇసక రంగులోనే ఉండి, రెక్కలున్నా కాళ్ళనే నమ్ముకున్న పిట్ట అది. బాబాయి బండి ఆపి చెయ్యి చాపుతాడు.

"అదిగో, ఆ రాయి పక్కన."

"ఏ రాయండీ?"

"ఆ రాయి కాదు, దాని వెనక రాయి."

"ఏదీ?"

"అయ్యో, ఇప్పుడే పోయింది. మీరు రెప్పేశారు."

తప్పు పిట్టదీ కాదు, బాబాయిదీ కాదు. రెప్పది. ఒకాయనైతే చూసీ చూసీ మెడ పట్టేసి, ఇంటికెళ్ళాక కూడా తూర్పుకే తిరిగి అన్నం తిన్నాడట.

చివరికి జీపు ఓనరు బాబాయిని పిలిచి, "ఈసారి పిట్ట కనపడలేదని ఒక్కడు అన్నా సరే, తాళాలు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపో" అన్నాడు.

పిన్ని హడలిపోయి నన్ను కూడా జీపెక్కించింది. "నీవి కోతికళ్ళు కదరా, నువ్వైనా వెతికిపెట్టు. ఉద్యోగం పోతే ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడు."

జీపు ఆగింది. బాబాయి వేలు తూర్పుకి లేచింది. కెమెరాలన్నీ అటు తిరిగాయి. ఆ వేలి సంగతి నాకు తెలుసు కాబట్టి నేను పడమటికి తిరిగాను.

ముళ్ళపొద పక్కనే ఉంది ఇసకకోడి. గుడ్ల మీద రెక్కలు విప్పి, గొడుగు పట్టినట్టు నుంచుంది.

"బాబాయ్," అన్నాను మెల్లగా.

"నోర్ముయ్," అన్నాడు పెదవులు కదపకుండా. "వీళ్ళు ఎగబడితే అది లేచిపోతుంది. ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయిరా."

"మరి సరిగ్గా ఇక్కడే ఎందుకు ఆపావు?"

"ఎలా ఉందో చూసుకోవద్దూ?"

ఇంతలో ఒకావిడ, "నాకేం కనపడట్లేదు" అంది. బాబాయి మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం దించలేదు.

నేను గబుక్కున తూర్పుకి తిరిగి, "అమ్మో, ఎంత తోకో" అన్నాను.

కెమెరాలన్నీ ఇంకో జానెడు ముందుకి సాగాయి.

"అవునవును, తోక," అన్నాడు బట్టతలాయన.

"పక్కన పిల్ల కూడా ఉంది," అంది కనపడట్లేదన్నావిడ. పక్కవాడికి కనపడ్డది తనకి కనపడలేదని ఎవరొప్పుకుంటారు? ఆఫీసు చేరేసరికి ఇసకకోడి మేకంత అయింది.

వాళ్ళ కబుర్లు విని ఓనరు బాబాయి భుజం తట్టాడు. "రేపు నన్ను తీసుకెళ్ళవయ్యా. నేనూ ఇంతవరకు చూడలేదు."

బాబాయి నాకేసి చూశాడు.

"రేపు కూడా రారా," అన్నాడు. "ఈయనకి ఒక్క వేలు చాలదు."