పోకర్ మర్యాదలూ, నేను తోమిన పళ్ళెమూ

పరువు పోగొట్టుకోవడానికి కొందరు ఎన్నికల్లో నిలబడతారు. కొందరు పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని పాట పాడతారు. నాకు మాత్రం ఒక స్టీలు పళ్ళెం సరిపోయింది. అది కూడా నాది కాదు, పక్కింటివాళ్ళది. దీపావళి ముందు రోజు, పట్టపగలు, మూడు కుటుంబాలు చూస్తుండగా నా పరువుని నేనే తోమి, తుడిచి, అందరికీ కనిపించేలా స్టాండులో నిలబెట్టాను. అదెలాగో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఆయన పదిహేనేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి మేము రాయపూర్ వచ్చి నాలుగేళ్ళు. మా ఆయనకి ఉర్లాలో ఇనుప కడ్డీల ఫ్యాక్టరీలో ఉద్యోగం. కాపురం గుఢియారీలో, గూడ్సుబండి వెళితే గ్లాసులో నీళ్ళు వణికేంత దగ్గరలో. గడప దాటితే అంతా హిందీయే. నా హిందీ ఎలాంటిదంటే, అరకిలో బెండకాయలు అడిగితే కూరలమ్మే ఆయన జాలిపడి ముప్పావుకిలో తూచేవాడు. నోరారా తెలుగు మాట్లాడటానికి నాకున్న ఒకే ఒక్క చోటు పక్కింటి సత్యవతి పిన్నిగారి ముందుగది.

పిన్నిగారిది శ్రీకాకుళం. బాబయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నలభయ్యేళ్ళుగా రాయపూర్‌లో ఉన్నా ఆవిడ యాస ఒక్క అక్షరం అరగలేదు. మధ్యమధ్య హిందీ మాత్రం పోపుగింజల్లా చిటపటమనేది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళింట్లో జంపఖానా పరిచి పేకాట. ఆడేవాళ్ళం ముగ్గురం: పిన్నిగారు, నేను, ఎదురింటి సాహూ భాభీ. ఆట రమ్మీ. పందెం చింతగింజలు.

ఆ రమ్మీకి నేను మహారాణిని. గెలిస్తే జంపఖానా మీద దుమ్ము లేచేలా ముక్కలు కొట్టేదాన్ని. ఆపైన ఎవరు ఏ ముక్క ఎందుకు పడేసి ఓడిపోయారో పూర్తిగా విడమరిచేదాన్ని. ఓడితే పంచిన చెయ్యి మంచిది కాదనేదాన్ని. పేక కట్ట నా దగ్గరే ఉండేది. దీపావళికి మూడిళ్ళవాళ్ళూ కలిసి ఆడే పెద్దాటలో ముక్కలు పంచే గౌరవం కూడా మూడేళ్ళుగా నాదే. ఇదంతా తప్పని నాకెవరూ చెప్పలేదు. చెబితే పేక కట్ట పట్టుకుని ఇంటికి పోతానని వాళ్ళ భయం.

అలాంటి రామరాజ్యంలోకి విజయ దిగింది.

పిన్నిగారి మేడ మీద వాటాలోకి వచ్చారు వాళ్ళు. హైదరాబాద్ నుంచి వాళ్ళాయనకి ట్రాన్స్‌ఫర్. వచ్చిన మూడో రోజే ఒక డబ్బా నిండా సకినాలు పట్టుకుని కిందికి దిగి, మా ఆట చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, మీరు పోకర్ ఆడ్తరా?"

"అది మగవాళ్ళాట కదమ్మా," అన్నాను నేను, అదేమిటో తెలియకుండానే.

"అట్లేం లేదక్కా. చానా అల్కటి ఆట. నేర్పిస్త."

నిజంగానే తేలిక. తలా ఐదు ముక్కలు. మంచి ముక్కలున్నాయని నమ్మకం ఉంటే గింజలు ముందుకు తోస్తావు. ఎదుటివాళ్ళు కూడా అన్నే గింజలు కలిపితే ముక్కలు చూపించుకోవాలి, భయపడితే పడేయాలి. తమాషా ఏమిటంటే, చేతిలో చెత్త పెట్టుకుని కూడా ధీమాగా గింజలు తోయొచ్చు. ఎదుటివాళ్ళు బెదిరి పారిపోతే గుట్ట నీదే. అది మోసం కాదు, అదే ఆట. ఈ వాక్యం మీరు గుర్తుంచుకోండి. నేను ఉంచుకోలేదు.

ఆటతోపాటు మర్యాదలు కూడా నేర్పింది విజయ. మన వంతు రాకుండా మాట్లాడకూడదు. పక్కవాళ్ళ ముక్కల్లోకి తొంగిచూడకూడదు. ముక్కలు పడేసినవాళ్ళు ఆట అయ్యేదాకా నోరు మెదపకూడదు. గెలిస్తే ఎగరకూడదు, ఓడితే ఏడవకూడదు. గెలిచినవాళ్ళని చూసి "బాగా ఆడారు" అనాలి. ఒక్కొక్కటీ చెబుతుంటే నాకు, ఎవరో నా జీవితచరిత్ర చదువుతూ మధ్యమధ్య "కూడదు" చేరుస్తున్నట్టు అనిపించింది.

"ఒలమ్మో, ఎంత మర్యాదస్తురాలే ఈ గుంట!" అన్నారు పిన్నిగారు. గుంట అంటే శ్రీకాకుళం వైపు పిల్ల అని. నాలుగేళ్ళలో నన్ను ఒక్కసారీ మర్యాదస్తురాలు అన్న పాపాన పోలేదు.

"బహుత్ అచ్ఛీ లడ్కీ హై," అంది సాహూ భాభీ, సకినం కొరుకుతూ.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నేను నాలుగే నాలుగు రోజుల్లో వింతలోంచి రోతలోకి ప్రమోషన్ కొట్టేశాను. విజయ గెలిస్తే తలవంచుకుని నవ్వేది. ఓడితే ఇంకా అందంగా నవ్వేది. నేను ఓడితే ఆ పిల్లే "మంచిగ ఆడిన్రు అక్కా" అనేది. ఆ మాట నాకు పుండు మీద కారంలా కాదు, పుండు మీద కారం చల్లి నిమ్మకాయ పిండినట్టు ఉండేది. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకున్నాను.

"ఓడినప్పుడు నవ్వుతుందట! ఓడితే ఎవరైనా నవ్వుతారా?"

"మంచిదేగా. నువ్వు కూడా ఒకసారి నవ్వి చూడు," అన్నారాయన.

ఆ పూట ఆయన చారులో ఉప్పు లేదు. మర్చిపోలేదు, వెయ్యలేదు.

అసలు దెబ్బ దీపావళికి వారం ముందు పడింది. పిన్నిగారు తమలపాకు నములుతూ చాలా మామూలుగా అన్నారు.

"సుగుణా, ఈపాలి దీపావళికి ముక్కలు విజయ పంచుతాదిలే. మగోళ్ళకి కూడా ఈ కొత్తాట నేర్పాల కదా. నువ్వేటనుకోకు."

నా పేరు సుగుణ. పేరు పెట్టేటప్పుడు మా నాన్న కాస్త ఆగాల్సింది.

"నాకేం పిన్నిగారూ, మంచిదేగా," అన్నాను. లోపల మాత్రం ఇనుము కరిగే కొలిమి. ఆ గదిలో నా చోటు పోతే రాయపూర్‌లో నాకు మిగిలేది బెండకాయలాయన ఒక్కడే. ఆ రాత్రంతా ఒకటే ఆలోచన: ఇంత మర్యాదగా ఉన్న మనిషి ఇన్ని ఆటలు ఎలా గెలుస్తుంది? మోసం ఉండి తీరాలి.

మర్నాడు కనిపెట్టాను. నేను కళ్ళద్దాలు సర్దుకుని ముక్కలు చేతిలోకి తీసుకోగానే, ఎదురుగా కూర్చున్న విజయ నా వైపు చూడకుండా తల తిప్పి సాహూ భాభీ వైపు చూస్తోంది. ప్రతి ఆటలోనూ అదే! సాహూ భాభీ కూర్చునేది నా పక్కన. అంటే భాభీ నా ముక్కలు చూసి సైగ చేస్తోందన్నమాట. ఎంత పెద్ద కుట్ర! సకినాలు ఊరికే పంచుతారా?

రుజువు కావాలి. ఈసారి దొంగ ఆట ఆడుతుండగా పట్టుకోవాలి. నా ముక్కలు తెలిసే గింజలు తోస్తోందని తేలాలంటే ఆ పిల్ల చేతిలో ముక్కలేమిటో నాకు తెలియాలి. తొంగిచూడకూడదు, అది మర్యాద కాదు. తొంగిచూడకుండా చూడాలి.

పండగ ముందు మూడు రోజులూ పిన్నిగారింటికి పొద్దున్నే వెళ్ళి, "మీరు కూర్చోండి, సామాన్లు నేను తోముతాను," అన్నాను. చింతపండు, బూడిద, పాత కొబ్బరిపీచు పెట్టి, స్టాండులో ఉన్న పెద్ద స్టీలు పళ్ళేన్ని భుజాలు పడిపోయేలా రుద్దాను. ముఖం చూసుకుంటే నా కనుబొమ్మలు లెక్కపెట్టుకోవచ్చు.

"ఎంత మంచిదానివే తల్లీ!" అని పిన్నిగారు నా తల నిమిరారు. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. అప్పుడైనా ఆగి ఉండాల్సింది.

దీపావళి ముందు రోజు మధ్యాహ్నం మగవాళ్ళు కూడా ఆట చూస్తూ పిన్నిగారింట్లోనే ఉన్నారు. విజయ కూర్చునే చోటు వెనక, సామాన్ల స్టాండు పై అరలో, ఆ పళ్ళేన్ని కొంచెం ముందుకి వంచి, వెనక గుడ్డ దోపి నిలబెట్టాను. ఎదురుగా నా చోట కూర్చుని తలెత్తితే, ఆ పిల్ల భుజం మీదుగా ఐదు ముక్కలూ టీవీలో వార్తల్లా కనిపిస్తున్నాయి.

మూడాటలు చూశాను. మోసం కనిపించలేదు. నాలుగో ఆటలో నేనూ, భాభీ ముక్కలు పడేశాం. మిగిలింది పిన్నిగారూ, విజయా. విజయ ప్రశాంతంగా తన గింజలన్నీ ముందుకి తోసింది. పిన్నిగారు తన ముక్కలు పట్టుకుని ఆలోచనలో పడ్డారు.

"ఏటి చేద్దునే బాబూ! ఈ గుంట దగ్గర పెద్ద ముక్కలే ఉన్నట్టున్నాయి."

నేను పళ్ళెంలోకి చూశాను. రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, జాకీ. ఏ రెండిటికీ చుట్టరికం లేదు. శుద్ధ చెత్త! చెత్త పెట్టుకుని అమాయకురాలైన పెద్దావిణ్ణి బెదిరిస్తోంది! నా రక్తం పొంగింది. మోసం కాదు అదే ఆట అన్న వాక్యం ఆ పొంగులో కొట్టుకుపోయింది.

"కలపండి పిన్నిగారూ!" అని లేచి నిలబడి అరిచాను. "పచ్చి అబద్ధం! ఆవిడ చేతిలో ఏమీ లేదు! రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, ఒక్క జాకీ!"

విజయ తన ముక్కల వంక చూసుకుంది. తర్వాత నా వంక చూసింది.

పిన్నిగారు మెల్లగా అడిగారు. "నీకెలగ తెలిసిందే?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు మూడు రోజుల్లో ఒక్కసారీ తోచలేదు.

"అంటే... ఊహించాను."

"జాకీతో సహానా?" అన్నారు మా ఆయన వెనకనుంచి.

పిన్నిగారు లేచి, నన్ను పక్కకి జరిపి, నా చోట కూర్చుని, నేను చూసినట్టే తలెత్తి చూశారు. "ఒలమ్మో ఒలమ్మో! విజయ చెవి కమ్మకున్న రాయి కూడా కనపడతంది! ఇందుకటే మూడ్రోజులు తోమినావు?"

ఇక దాక్కోవడానికి చోటు లేదు. దొరికిన దొంగకి మిగిలేది ఎదురు కేసు పెట్టడమే.

"మరి ఆవిడ చేసేదో? నేను ముక్కలు తీయగానే ప్రతిసారీ భాభీ వైపు చూస్తుంది. భాభీ సైగ చేస్తుంది!"

"మై?" అంది సాహూ భాభీ, గుండె మీద చెయ్యి వేసుకుని. "అరే బాప్ రే! ముఝే తో అబ్ తక్ గులామ్ ఔర్ బాద్‌షా మే ఫరక్ నహీ పతా!" జాకీకీ రాజుకీ తేడా తెలియని మనిషి నాకు వ్యతిరేకంగా గూఢచారి ఎలా అవుతుందో నాకే అర్థం కాలేదు.

విజయ ముఖం ఎర్రబడింది. పిన్నిగారు గట్టిగా అడిగితే, నేల చూస్తూ చెప్పింది.

"అక్క కండ్లద్దాలల్ల ఆమె ముక్కలన్నీ అగుపిస్తయి పిన్నీ. మొదటి దినం నుంచీ కనవడ్తున్నయి. చూసుడు తప్పు గదా, అందుకని మొఖం అటు తిప్పుకుంట."

మా ఆయన వచ్చి విజయ పక్కన కూర్చుని, తను చూడకుండా నా చేతికి రెండు ముక్కలిచ్చి పట్టుకోమన్నారు. "ఆసు, పది," అన్నారు నా కళ్ళద్దాల్లోకి చూస్తూ. మార్చి ఇచ్చారు. "రాణి, మూడు."

గురివింద గింజ తన నలుపెరగదంటారు. పాపం దానికి కళ్ళద్దాలు లేవు. నేను ఆ పిల్ల వెనక ఒక్క అద్దం నిలబెట్టడానికి మూడు రోజులు చెమటోడ్చాను. నా ముక్కు మీద రెండు అద్దాలు పెట్టుకుని ఆ పిల్లకి రోజూ ఉచితంగా చూపిస్తున్నాను. అది చూడకుండానే అన్ని ఆటలు గెలిచిందంటే, ఇక నా ఆట గురించి మీకు వేరే చెప్పాలా?

"మరి మొదటి రోజే చెప్పొచ్చు కదా విజయా," అన్నాను.

"అందరి ముందట అంటే మీరు చిన్నబుచ్చుకుంటరని అక్కా."

ఏడుపొచ్చింది. సిగ్గుతో సగం. ఇంత మంచి మాట నాకెందుకు ఎప్పుడూ తోచదన్న అసూయతో మిగతా సగం. "క్షమించు," అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "కూసోండక్కా, ఆట ఇంకా అయిపోలే," అంది.

పిన్నిగారు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. చేతిలో ఉన్న రెండు రాజులతో గుట్ట గెలిచే ఆట నా వల్ల చెడిపోయిందని ఆవిడ బాధ. తీర్పు చెప్పేశారు.

"రేపు పెద్దాటలో నువ్వు ఆడకూడదు. కూకుని చూడాల. గెలిచినోళ్ళకల్లా 'బాగా ఆడారు' అనాల. నవ్వుతూ అనాల! పళ్ళికిలించడం కాదు."

దీపావళి రోజు అలాగే కూర్చున్నాను. విజయ ముక్కలు పంచింది, చాలా చక్కగా పంచింది. "బాగా ఆడారు" అని నేను ఇరవైసార్లకి పైగా అన్నాను. అందులో ఎక్కువ విజయకే. మొదటి పది నా నోట్లో వేపకాయల్లా ఆడాయి. తర్వాతర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, కొన్ని నిజంగానే అన్నాను. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే మా ఆయన, "ఇవాళ నిన్ను చూస్తే గర్వంగా ఉంది," అన్నారు.

కరిగిపోయాను. "ఎందుకండీ?"

"పెళ్ళయ్యాక మొదటిసారి, పేకాటలో ఒక్క ఆట కూడా ఓడకుండా ఇంటికొస్తున్నావు."

కాబట్టి పాఠకులారా, యాభైరెండు ముక్కల సాక్షిగా, ఇద్దరు జోకర్ల మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి చేతిలో ఏ ముక్కలున్నా, ఈ సుగుణ నోటి వెంట ఒక్క ముక్క కూడా రాదు.