లేని నడుము నొప్పి

మా తమ్ముడు అన్నం మధ్యలో లేచిపోవడం మొదలుపెట్టిన సంవత్సరం వానలు సక్రమంగానే పడ్డాయి. ఇది ముందే చెప్పవలసి వస్తోంది. సేద్యం చేసే మనిషి మనసు చెదిరిందంటే వినేవారు మొదట పంట సంగతే అడుగుతారు. తిరుమలగిరి పక్కన మా ఊళ్లో అతని వరి బాగానే ఉంది. కరెంటు రోజంతా వస్తోంది. అయినా అతను రెండు ముద్దలు తిని, బోరు మోటరు ఆగిందేమోనని చేయి కడుక్కోకుండానే పొలానికి పోయేవాడు. మోటరు నడుస్తూనే ఉండేది. తిరిగి వచ్చి కూర్చుని, మళ్లీ లేచేవాడు. మంచం మీద వాలితే గుండె దడదడ కొట్టుకుంటోందని వాకిట్లో తిరిగేవాడు.

నేను నల్లగొండలో ఉంటాను. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రతి పనికీ ఒక వేళ, ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండాలన్నది నా పద్ధతి. ఊరికి వెళ్లినప్పుడల్లా తమ్ముడి తిరుగుడు చూస్తుంటే నాకే కుర్చీలో కుదురు లేకుండా పోయింది. ఒకనాడు అతను గేదెలకు నీళ్లు పెడుతూ, తల తిప్పకుండానే, "అన్నా, నేను లేకున్నా వీళ్లు బతుకుతరు గదా" అన్నాడు. మరునాడే అతన్ని పట్టణంలో మానసిక వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాను.

వైద్యుడు వయసులో నా శిష్యులంతటివాడు. "మీ అన్నను బయట కూర్చోమందామా?" అని ముందు తమ్ముణ్ణే అడిగాడు.

"ఉండనీ సార్. బయటికి పంపినా తర్వాత అడుగుతనే ఉంటడు."

"చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?"

అంత సూటి ప్రశ్న వింటానని నేను అనుకోలేదు. తమ్ముడు మాత్రం ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నవాడిలా, "అప్పుడప్పుడు సార్" అన్నాడు. ఇది కుంగుబాటు అని, దానితో ఆందోళన కూడా ఉందని, నయమవుతుందని వైద్యుడు చెప్పాడు. మందులు కొన్ని నెలలు వాడాలి, తనను అడగకుండా ఆపకూడదు, మనసు బాగాలేని రోజుల్లో ఒంటరిగా వదలకూడదు, ఇంట్లోవాళ్లందరికీ సంగతి తెలియాలి. ఇవీ ఆయన షరతులు.

చివరి షరతు ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది. మా అమ్మ నన్నూ మరదలినీ వంటింట్లోకి పిలిచి, "నడుము పట్టిందని చెప్పుండ్రి. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండంటే ఊరంత ఏమంటది?" అంది. మరదలు నా వైపు చూసింది. ఎనభై దాటిన తల్లి మాట కాదనలేక నేను ఊరుకున్నాను.

మా వైపు ఎవరికైనా బాగాలేదంటే చుట్టాలు రొట్టె పొట్లం, పండ్లు పట్టుకుని వస్తారు. అలాగే వచ్చారు, కానీ నడుము నొప్పికి వచ్చారు. ఒకరు పసరు తెచ్చారు. ఇంకొకరు బస్తాలు ఎత్తవద్దన్నారు. బావ, అంటే మా చెల్లెలి భర్త, మరీ చొరవ గల మనిషి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని ఊళ్లలో నమ్మకం. పక్క వాడలో అలాంటి పెద్దామె ఉందని తెలిసి ఆయనే వెళ్లి పిలుచుకొచ్చాడు. తమ్ముడు చాప మీద బోర్లా పడుకున్నాడు. ఆమె గోడ పట్టుకుని అతని నడుము మీద గట్టిగానే తన్నింది.

"ఇప్పుడెట్లున్నది కొడకా?"

"జర నయముంది పెద్దమ్మా" అన్నాడు నా తమ్ముడు, లేని నొప్పికి తన్నులు తిని.

ఆ రోజే బావ అలమారలోని మందులు చూశాడు. "నొప్పి గోళీలు గిన్ని మింగుతావ్ర బామ్మర్ది? కిడ్నీలు ఖరాబైతయి. బంద్ చెయ్యి" అన్నాడు. కూర్చున్నవాళ్లంతా ఔనన్నారు. అవి నొప్పి గోళీలు కావని చెప్పాలంటే ఇంకేమిటో చెప్పాలి. సంగతి తెలిసిన అమ్మా, మరదలూ, నేనూ ఆ మాట దాటేశాం.

అప్పటికి అతనికి నిద్ర కుదురుతోంది. నయమైందనుకుని, ఎవరికీ చెప్పకుండా మందులు మానేశాడు. కొన్ని వారాలకే తిరుగుడు మొదలైంది. ఒక మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది: "కంచం ముందలకెల్లి లేసిపోయిండు. ఫోను మంచం మీదనే ఉన్నది. ఇంకా రాలేదు." పక్కింటివాళ్లను పిలిచి వెంటనే వెతికించమని చెప్పి నేను బస్సెక్కాను. దారిలో ఎవరు చేయెత్తినా అది ఆగింది. ఆగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. కండక్టరు విసుక్కుని, "కూసో పెద్దాయనా, నువ్వు నిలబడితే బండి ఉరుకుతదా?" అన్నాడు. కూర్చోలేకపోయాను.

నేను చేరేసరికి అతను దొరికాడు. మోటరు దగ్గర గట్టు మీద ఉన్నాడు. పక్కింటాయన అతని భుజం మీద చేయి వేసి కూర్చున్నాడు.

"గోళీలు?" అని అడిగాను.

"బంద్ చేసిన. బావ చెప్పిండు గదా."

పట్టణానికి తీసుకువెళ్తే వైద్యుడు మళ్లీ మందులు మొదలుపెట్టాడు. జబ్బుకు తప్పుడు పేరు పెడితే పలకరించడానికి వచ్చినవాళ్ల మంచి మనసు కూడా తప్పుడు చోటికే పోతుందని ఆ తిరుగు ప్రయాణంలో నాకు అర్థమైంది. ఇంటి పెద్దలు ఈ సంగతి నాకంటే ముందుగా గ్రహిస్తే మంచిది.

తరువాతి ఆదివారం చుట్టాలు మళ్లీ రొట్టెలు, పండ్లతో వచ్చారు. ఏం చెప్పాలో, ఏ వరుసలో చెప్పాలో నేను మనసులో సిద్ధం చేసుకున్నాను. అందరం భోజనానికి కూర్చున్నాం. బావ నడుముకు రాయడానికి తెచ్చిన నూనె సీసా కింద పెట్టి, "ఆ పెద్దమ్మను మళ్ల పిలుద్దాం. పోయినసారి గట్టిగ తన్నలేదు" అన్నాడు.

నేను గొంతు సవరించుకునేలోపే తమ్ముడు మాట్లాడాడు.

"ఇగ తన్నులు నాతోని కాదు బావా. నాకు నడుము నొప్పి లేదు. మనసు బాగలేదు. ఆ గోళీలు దానికే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"మరి ఆనాడు ఎందుకు తన్నిచ్చుకుంటివి?"

"నవ్వుతరని."

ఎవరూ నవ్వలేదు. బావ, "నేనే బంద్ పెట్టిస్తిని గదరా" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "ఇయ్యాల వేసుకున్నవా?"

"వేసుకున్న."

"రేపు నేను ఫోన్ జేసి అడుగుత. తిట్టుకోకు."

నా సిద్ధమైన మాటలు ఎవరికీ అవసరం పడలేదు. తమ్ముడు ఇంకో ముద్ద తిని, అటూ ఇటూ చూసి, లేచాడు. మోటరు గుర్తొచ్చింది కాబోలు. ఎప్పటిలాగే నా చేయి కంచంలో ఆగింది. బావ కూడా ఎంగిలి చేత్తోనే లేచాడు.

"ఆగు, నేనొస్త. గా మోటరు సంగతేందో ఇద్దరం చూసొద్దాం."

"మోటరు బాగనే ఉంటది బావా."

"ఉండనీ. ఊకెనే పోదాం."

ఇద్దరూ ఎండలో చేల వైపు నడిచారు. "అన్నం సల్లారిపోతది" అంది అమ్మ. ఆ మాట ఎవరితో అందో తెలియదు. భోజనం మధ్యలో లేవడం నా పద్ధతి కాదు. కానీ ఆ పూట నేనూ లేచి, చెప్పులు వేసుకుని, వాళ్ల వెనకే వెళ్లాను.