నీళ్ళు కాచి ముగించిన పరీక్ష

పొగ తగ్గించే పొయ్యిల పరిశోధనలో నేను రెండేళ్ళు పనిచేశాను. బెంగళూరు కాలేజీ ఒకటి తయారుచేసిన రేకు పొయ్యి అది. సోలార్ పలకతో తిరిగే చిన్న ఫ్యాను లోపలికి గాలి ఊదేది. కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దున ఉన్న బాగేపల్లి పక్క ఊళ్ళో పది ఇళ్ళకు ఇచ్చి చూశారు. వారానికి రెండుసార్లు వెళ్ళి, ఎంత కట్టె కాలిందో తూచి రాయడం నా పని.

వెళ్ళినప్పుడల్లా ఒక రైతు ఇల్లాలు నాకు భోజనం పెట్టేది. మొదటి వారమే ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నీళ్ళు కాగేకి బాగుండాదప్పా. సంగటి గెలికేటప్పుడే ఇది ఎగిరెగిరి పడతాంది. రా, పట్టుకో."

రాగిపిండి బిగిసేకొద్దీ ఆమె రెండు చేతులా తెడ్డు తిప్పింది. తపేలాతోపాటు పొయ్యీ ఒరిగింది. తడిగుడ్డతో దాని అంచు పట్టుకున్నాను. నేలకు అతికిన మట్టిపొయ్యికి ఆ బాధ లేదు. ఆ రోజు ఆ సంగటే తిన్నాను. పుస్తకంలో మాత్రం కట్టె బరువే రాశాను. దానికొక్కదానికే గడి ఉంది.

కొన్నాళ్ళకు కాలేజీ సార్లు ఆమె ఇంటికి వచ్చారు. నీళ్ళు కాచి చూసి సంతోషించారు. మట్టిపొయ్యిలో వేడి బూడిద కనబడితే, ఇదింకా ఎందుకు వాడుతున్నారని నన్ను కన్నడలో అడిగారు. నా ఉద్యోగం పొడిగించేదీ లేనిదీ ఆ నెలలోనే తేలాలి.

"ఆడవాళ్ళకు పాత అలవాటు పోలేదు సార్," అన్నాను.

ఆమెకు కన్నడ బాగా వచ్చు. వాళ్ళు జీపు దగ్గరికి నడిచాక నా వైపు తిరిగింది.

"ఏమప్పా, పొయ్యి పట్టుకున్న చెయ్యి నీది కాదా? తిన్న సంగటి ఎట్ల ఉడికిందో అప్పుడే మర్చిపోతివే!"

నా మాటే నివేదికలోకి ఎక్కింది. పొయ్యి అడుగును ఎవరూ మార్చలేదు. ఊరికి రావలసిన మిగతా పొయ్యిలు ఆగిపోయాయి. నీ ఇంట్లో పాత పొయ్యి వాడబట్టే రాలేదని చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆమెను ఏళ్ళ తరబడి దెప్పారు. నాకు పొడిగింపు వచ్చింది.

మొన్న వెళ్ళి, ఇరుగుపొరుగును పిలిచి, తప్పు నాదని చెప్పాను. ఆమె పొగకు కళ్ళు తుడుచుకుంటూ వింది.

"ఈళ్ళకు చెప్తే పొయ్యి కదలకుండా నిలుస్తాదా? ముందు యాడ రాసినారో ఆడ రాయప్పా," అంది.

కాలేజీకి ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు. అందులో ఉన్నదే ఇక్కడా రాస్తున్నాను. పొయ్యి అడుగు ఇరుకు. సంగటి గెలికితే ఒరుగుతుంది. ఆమె ఆ మాట మొదటి వారమే చెప్పింది.