అన్నం మెతుకులతో అంటించిన పేజీలు

మంగళవారం. ఇడ్లీ పిండి రుబ్బడం అయింది. నల్లా నీళ్లు పట్టడం అయింది. బట్టలు రెండు తీగల నిండా ఆరేశాను. మిరపకాయల తొడిమలు సగం తీశాను, సగం మిగిలాయి. ఆ సగం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను...

మా చిన్నప్పుడు... చివ్వెంల నుంచి సూర్యాపేట బడికి బస్సులో పోయేవాళ్లం, నేనూ ఎస్తేరూ. తొమ్మిదో తరగతి. బస్సులో ఒకే సీటు, బడిలో ఒకే బెంచీ.

మా ఇంగ్లిష్ సారు రోజుకు ఐదు జతల మాటలు చెప్పేవారు. వినడానికి ఒకేలా ఉండి అర్థం వేరైనవి, అర్థం ఒకటే అనిపించి వాడకం వేరైనవి. శనివారం శనివారం ఇడియమ్స్. ఏ గైడులోనూ అన్నీ ఒకచోట దొరికేవి కావు. ఆయన చెప్పేది ఒక్కసారే. ఆ రోజు బడికి రానివాళ్లు వచ్చినవాళ్ల నోటుబుక్కు అడిగి ఎక్కించుకోవాలి. అడిగితే లేదనకూడదు... అది సారు పెట్టిన కట్టుబాటు.

నా నోటుబుక్కు మీరు చూడాల్సింది. స్కేలుతో మూడు గళ్లు. మొదటి గడిలో ఒక మాట, రెండో దాంట్లో దాని జత, మూడో దాంట్లో తెలుగు అర్థం. ప్రతి పేజీ మూలన ఎర్ర పెన్నుతో నంబరు.

ఎస్తేరుకు గళ్లూ లేవు, గీతలూ లేవు. సీ, లుక్, వాచ్... మూడింటికీ నేను 'చూచుట' అని రాసుకొని తల పట్టుకుంటే, ఆమె బస్సు కిటికీ పక్కన కూర్చొని తేల్చేసింది.

"కంట్ల పడ్డది సీ. తల తిప్పి సూసేది లుక్. పాలు పొంగుతయని పొయ్యికాడ కూసోని సూస్తం సూడు, అది వాచ్."

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే మన దగ్గర ఏమంటారని సారు అడిగిన రోజు, నేను చటుక్కున లేచి 'అరుదుగా' అన్నాను. ఆమె కూర్చున్న చోటి నుంచే 'అమాసకో పున్నానికో' అన్నది. సారు నవ్వి, బోర్డు మీద ఆమె మాటే రాశారు. నాది తప్పు కాదు... కానీ నాది రాయలేదు. అప్పుడు మండిన కడుపు చాలా రోజులు చల్లారలేదు.

నాట్ల రోజులొచ్చాయి. ఎస్తేరు వాళ్లమ్మ వెంట పొలానికి పోయి ఐదు రోజులు బడికి రాలేదు. సరిగ్గా ఆ వారమే సారు కోదాడలో ఇంగ్లిష్ మాటల పోటీ ఉందన్నారు. మా బడి నుంచి మేమిద్దరం. అక్కడ ఫస్టు వచ్చినవాళ్లు నల్లగొండకు పోతారు.

ఆమె వస్తూనే నా నోటుబుక్కు అడిగింది. బురద నీళ్లలో నానిన వేళ్లు ఇంకా తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. రేపు తెస్తానన్నాను.

మర్నాడు పొద్దున సద్దన్నం తింటూ నాలుగు మెతుకులు నలిపి, ఆమె రాని రోజుల్లో రాసినవాటిలో ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు ఒకదానికొకటి అంటించాను. ఆరాక నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టాను. లేదనలేదు కదా, ఇచ్చాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

కోదాడలో చివరిదాకా ఇద్దరం సమానం. ఆఖరున ఎమినెంట్‌కూ ఇమ్మినెంట్‌కూ తేడా అడిగారు. ఎస్తేరు తల దించుకుంది. గొప్ప పేరున్నది ఒకటి, ముంచుకొస్తున్నది ఇంకొకటి అని నేను చెప్పాను. అది ఆ అంటించిన పేజీల్లోది.

తిరుగు బస్సులో కండక్టరుకు కూడా చెప్పింది ఎస్తేరు, మా పద్మే ఫస్టు అని. నల్లగొండలో నాకేమీ రాలేదు.

ఇప్పుడు ఎస్తేరు మిర్యాలగూడలో ఇంగ్లిష్ లెక్చరర్. మా చిన్నమ్మాయి ఆమె క్లాసులోనే ఉంది. ఫోన్ చేస్తే చాలు, మేడం ఇట్లా చెప్పింది, మేడం అట్లా నవ్వించింది... ఇరవై ఏళ్లు వేళ తప్పకుండా వండిపెట్టాను, నా గురించి ఎవరికైనా ఒక్క మాట చెప్పిందో లేదో. ఈ వయసులోనూ కుళ్లుకున్నాను. దాచడమెందుకు?

మొన్న కాలేజీకి పోయినప్పుడు ఎస్తేరు టీ తెప్పించింది. ఇంక ఆపుకోలేక మెతుకుల సంగతి చెప్పేశాను.

"అప్పుడే తెల్సు పద్మా. ఇరవై మూడో పేజీ తర్వాత ఇరవై ఆరు ఉండె."

నంబర్లు వేసింది నేనే.

మరి ఎందుకు విప్పలేదని అడిగాను.

"విప్పితే సిరుగుతది. అంత సక్కగ రాసుకున్నవ్, మనసొప్పలే."

సారుకైనా చెప్పాల్సింది అన్నాను.

"చెప్తే సారు నిన్ను కోదాడకు తోల్కపోకపోతుండె. నేనొక్కదాన్నే ఆ బస్సుల కూసోని ఏం జేద్దు?"

తప్పయింది ఎస్తేరూ అన్నాను. టీ సల్లారుతుంది తాగమన్నది. తాగాను. ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్లే వచ్చింది... అది నాకెందుకు లేదా అని.

ఇప్పటి పిల్లలు ఏ రెండు మాటల తేడా అయినా ఫోన్‌ను అడుగుతారు. నోటుబుక్కు కోసం ఒకరి ఇంటికి ఒకరు పోయే పని లేదు. దాచుకునేవాళ్లూ లేరు, తెలిసీ ఊరుకునేవాళ్లూ లేరు... మీరు ఎవరికైనా ఇట్లా చేశారా? చేసి ఉంటే కింద రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే నాకూ కాస్త ఊరట.

ఎస్తేరుకు ఒక నిజం బాకీ ఉన్నాను. మిర్యాలగూడలో ముట్టజెప్పాను. చెల్లు.